సాయం అంటున్నారు, అప్పు ఇస్తున్నారు

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ అంశం మీద మాట్లాడమని అడిగినప్పుడు నేను కొంచెం తటపటాయించాను. నేను చదివింది సమాజశాస్త్రం. వాతావరణ శాస్త్రం కాదు, ఆర్థిక శాస్త్రం కాదు. పైగా ఈ హాల్లో కూర్చున్న వాళ్ళలో సగం మంది నిన్న సాయంత్రం దాకా ఏదో ఒక కేసు పని మీద పోలీసు స్టేషను చుట్టూనో, ఎమ్మార్వో ఆఫీసు చుట్టూనో తిరిగి వచ్చినవాళ్ళు. ఎక్కడో విదేశాల్లో సదస్సు జరిగి, ఏ దేశం ఏ దేశానికి ఎన్ని డాలర్లు ఇస్తానన్నదో మీకెందుకు అని నన్ను నేనే అడుగుకున్నాను. తర్వాత నా దగ్గరున్న పేపరు కటింగులు తీసి చూశాను. వాటిలో ఒక మాట పదే పదే కనిపించింది. ఆ మాట చూశాక ఇది మనం మాట్లాడవలసిన విషయమేననీ, బహుశా మనమే బాగా మాట్లాడగలమనీ అనిపించింది.

ఆ మాట 'సాయం'.

2024 నవంబరులో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు జరిగింది. బొగ్గు, చమురు వాడకం తగ్గించుకుని సూర్యరశ్మి, గాలి లాంటి వాటి మీదికి మళ్ళటానికి, ఇప్పటికే వస్తున్న వరదలనూ కరువులనూ తట్టుకోవటానికి పేద దేశాలకు డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అన్నదే అక్కడి తగాదా. ఆ రెండు వారాలూ తెలుగు పత్రికలు, ఇంగ్లీషు పత్రికలు రెండూ తెప్పించుకుని కత్తిరించి పెట్టుకున్నాను. ఇంగ్లీషులో 'క్లైమేట్ ఫైనాన్స్' అని ఉన్నచోట మనవాళ్ళు 'వాతావరణ ఆర్థిక సాయం' అనో, ఉత్త 'సాయం' అనో రాశారు. విలేకరులను తప్పు పట్టటం లేదు. రాత్రి పదకొండు గంటలకు ఏజెన్సీ వార్తను తర్జుమా చేసే సబ్ ఎడిటరుకు అంతకంటే దగ్గర మాట తోచదు. కానీ ఆ ఒక్క మాటతో అర్థం తలకిందులైంది. ఫైనాన్స్ అంటే డబ్బు సమకూర్చటం. అది ఊరికే ఇచ్చేది కావచ్చు, వడ్డీకి ఇచ్చేది కావచ్చు, లాభం కోసం పెట్టే పెట్టుబడి కావచ్చు. సాయం అంటే మన భాషలో తిరిగి ఇవ్వక్కర్లేనిది.

ఈ తేడా మీకు నేను చెప్పాలా? డ్వాక్రా గ్రూపుల్లో పనిచేసిన వాళ్ళకు మ్యాచింగ్ గ్రాంటు వేరు, బ్యాంకు లింకేజీ వేరు అని తెలుసు. పావలా వడ్డీ అయినా అసలు అసలే అని తెలుసు. 2010లో మైక్రోఫైనాన్సు కంపెనీల మనుషులు వాకిట్లో కూర్చుని కిస్తీ కట్టేదాకా కదలనప్పుడు, వాళ్ళంతా మొదట మహిళలను ఆదుకోవటానికే వచ్చామన్నవాళ్ళే. ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా మన ఆడవాళ్ళు పడ్డ పాట్లు ఈ గదిలో చాలామంది కళ్ళారా చూశారు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. 2009లో కోపెన్‌హేగన్‌లో సంపన్న దేశాలు 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. ఆ మాట నిలబెట్టుకోలేదు. ఆ సంపన్న దేశాల సొంత సంస్థ ఓఇసిడి లెక్క ప్రకారమే 2020లో వచ్చింది 8,330 కోట్ల డాలర్లు. 10 వేల కోట్లు దాటింది 2022లో, రెండేళ్ళు ఆలస్యంగా. ఆ ఏడాది మొత్తం 11,590 కోట్లు. ఇందులో ప్రభుత్వాల వైపు నుంచి వచ్చిన డబ్బులో దాదాపు 70 శాతం అప్పులు. తిరిగి ఇవ్వక్కర్లేనిది 28 శాతం. ఓఇసిడి అప్పును అప్పు మొత్తం విలువతోనే లెక్క వేస్తుంది. అంటే నేను మీకు లక్ష రూపాయలు అప్పిచ్చి, వడ్డీతో సహా రాబట్టుకుని, లక్ష రూపాయలు ఇచ్చానని డప్పు కొట్టుకున్నట్టు. ఆక్స్‌ఫామ్ సంస్థ ఆ అప్పుల్లో నిజమైన రాయితీ ఎంతో తీసి చూసింది. 2020 నాటి 8,330 కోట్లలో అసలు విలువ 2,100 నుంచి 2,450 కోట్ల డాలర్ల మధ్య తేలింది.

పైగా ఈ అప్పు చాలావరకు డాలర్లలోనో యూరోల్లోనో ఉంటుంది. 2021 చివర్లో డాలరు 75 రూపాయల చిల్లర. 2025 డిసెంబరులో 90 దాటింది. తీసుకున్నవాడు ఏ తప్పూ చెయ్యకుండానే అప్పు పెరుగుతుంది.

బాకూలో పేద దేశాలు అడిగింది ఏటా లక్షా 30 వేల కోట్ల డాలర్లు. ఒప్పుకున్నది 2035 నాటికి ఏటా కనీసం 30 వేల కోట్లు, అదీ 'అన్ని రకాల మార్గాల నుంచి'. బల్ల మీద సుత్తి కొట్టి ఒప్పందం అయిపోయిందన్న తర్వాత భారత ప్రతినిధి చాందినీ రైనా లేచి, ఈ పత్రం కనికట్టు కంటే ఎక్కువేమీ కాదన్నారు. మన పత్రికలు దాన్ని ప్రముఖంగా వేశాయి. నాకూ సంతోషమే అనిపించింది. ఆమె అన్నది నిజం. గాలిలోకి పొగ ఎక్కువగా వదిలి ధనవంతులైన వాళ్ళు చెల్లించవలసింది పరిహారం. మనోవర్తి కేసుల్లో చూస్తుంటాం, భర్త కోర్టులో నిలబడి 'నేను సాయం చేస్తూనే ఉన్నానండీ' అంటాడు. సాయం కాదు బాబూ, అది ఆమె హక్కు అని మన లాయర్లు చెప్పాల్సి వస్తుంది. అయినా మనోవర్తిని అప్పుగా ఇచ్చి వడ్డీ వసూలు చేసే భర్తను నేనింతవరకు చూడలేదు.

అయితే మన పత్రికల్లో చర్చ అక్కడితో ఆగిపోయింది. మన దేశం గౌరవం, వాళ్ళ పిసినారితనం. డబ్బు దేశంలోకి వచ్చాక ఏ ఇంటికి చేరుతుంది, అప్పు ఎవరి నెత్తిన పడుతుంది అన్నది ఎవరూ రాయలేదు. దీన్ని అర్థం చేసుకోవటానికి మిమ్మల్ని కాసేపు దక్షిణాఫ్రికాకు తీసుకెళతాను. ఎందుకంటే ఈ డబ్బు మొట్టమొదట ఒక పెద్ద పథకంగా అందింది వాళ్ళకే.

2021 నవంబరులో గ్లాస్గో సదస్సులో బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, అమెరికా, యూరోపియన్ యూనియన్ కలిసి దక్షిణాఫ్రికాకు 850 కోట్ల డాలర్లు సమకూరుస్తామని ప్రకటించాయి. పేరు చాలా అందంగా ఉంది. న్యాయమైన ఇంధన పరివర్తన భాగస్వామ్యం. 'న్యాయమైన' అన్న మాట కార్మిక సంఘాలు పోరాడి తెచ్చుకున్నది. గని మూసేటప్పుడు కార్మికుణ్ణి వీధిన పడెయ్యకూడదని దాని అర్థం. మరుసటి ఏడాది వివరాలు బయటకొచ్చాక చూస్తే ఆ 850 కోట్లలో గ్రాంటు 4 శాతం. మిగిలినదంతా ఎక్కువగా రకరకాల అప్పులు, గ్యారంటీలు.

అక్కడి బొగ్గు ప్రాంతం పేరు ఎంపుమలాంగా. ఆ దేశంలో కరెంటు నూటికి 80 పాళ్ళకు పైగా బొగ్గు నుంచే వస్తుంది, ఆ కేంద్రాల్లో ఎక్కువ భాగం అక్కడే ఉన్నాయి. వాటిలో కొమాటి ఒకటి. 1961లో మొదలైన పాత కేంద్రం. 2022 అక్టోబరు 31న దాన్ని మూసేశారు. సరిగ్గా కొద్ది రోజుల్లో ప్రపంచ బ్యాంకు దాని కోసం 49.7 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. కొమాటి స్థలంలో సౌర విద్యుత్తు, గాలిమరలు, బ్యాటరీలు పెట్టటానికి, ఉద్యోగాలు పోయినవాళ్ళకు కొత్త పనులు నేర్పటానికి. ఈ మొత్తాన్ని విడదీసి చూడండి. 43.95 కోట్లు ప్రపంచ బ్యాంకు అప్పు. 4.75 కోట్లు కెనడా నిధి నుంచి వచ్చిన రాయితీ అప్పు, మన పావలా వడ్డీ లాంటిదనుకోండి. గ్రాంటు కోటి డాలర్లు. అప్పు తీసుకున్నది ఎస్కామ్, ఆ దేశపు ప్రభుత్వ విద్యుత్ సంస్థ. అప్పటికే పీకల్లోతు అప్పుల్లో ఉన్న సంస్థ.

సరిగ్గా అప్పుడే దేశంలో ఘోరమైన కరెంటు కోతలు. 2023లో అవి మరీ ఎక్కువ, రోజులో చాలా గంటలు. ఇక పత్రికల్లో, టీవీల్లో యుద్ధం మొదలైంది. ఒక పక్షం వాళ్ళు, 'కరెంటు లేక చస్తుంటే తెల్లవాళ్ళ మాట విని నడుస్తున్న కేంద్రాన్ని మూసేస్తారా' అన్నారు. వీళ్ళకు మద్దతుగా అప్పటి ఇంధన మంత్రి గ్వెడె మంటాషె. ఆయన ఒకప్పటి గనికార్మిక సంఘం నాయకుడు. రెండో పక్షం వాళ్ళు, అది ఎలాగూ ఆయుష్షు తీరిన కేంద్రం, మూసేనాటికి తొమ్మిది యూనిట్లలో ఒక్కటే నడుస్తోంది, కోతలకు దీనికీ సంబంధం లేదన్నారు. వాస్తవాల వరకు రెండో పక్షమే కరెక్టు. మొదటి పక్షం కోపంలో కూడా న్యాయం లేకపోలేదు, వందేళ్ళు బొగ్గు కాల్చి బాగుపడినవాళ్ళు అప్పు ఇచ్చి నీతులు చెపుతుంటే ఎవరికి మాత్రం మండదు? కానీ రెండు పక్షాలూ మాట్లాడింది మెగావాట్లలో, డాలర్లలో. మాట్లాడింది మంత్రులు, ఇంజనీర్లు, బ్యాంకుల సలహాదారులు, పర్యావరణ నిపుణులు.

కొమాటి ఊళ్ళో జరిగింది ఇదీ. ఎస్కామ్ పర్మినెంటు ఉద్యోగులను ఇతర కేంద్రాలకు బదిలీ చేశారు. ఉద్యోగం పోలేదు, లెక్కల్లో నష్టం సున్నా. కాంట్రాక్టు కార్మికుల కాంట్రాక్టులు ముగిశాయి, వాళ్ళు ఉద్యోగులు కారు కనుక అదీ లెక్కలోకి రాలేదు. ఇక కేంద్రం గేటు దగ్గర అన్నం వండి అమ్మేవాళ్ళు, కార్మికులకు గదులు అద్దెకిచ్చి బతికేవాళ్ళు, ఉద్యోగుల ఇళ్ళల్లో పాచిపని చేసేవాళ్ళు. వీళ్ళు ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. వీళ్ళతో కాంట్రాక్టు కూడా ఉండదు, ముగిసిందని చెప్పటానికి. అక్కడి అధ్యక్షుడు నియమించిన వాతావరణ కమిషనే 2023లో కొమాటి మూసివేతను పరిశీలించి, ముందస్తు ఏర్పాట్లు చాల్లేదనీ, కార్మికులతో, ఊరితో సరిగ్గా సంప్రదించలేదనీ రాసింది.

ఇక్కడ నేనొక మాట స్పష్టంగా చెప్పాలి. బొగ్గు కేంద్రం నడుస్తూనే ఉండాలని అక్కడి స్త్రీలందరూ కోరుకోలేదు. ఆ ప్రాంతపు గాలి ప్రపంచంలోనే చెడ్డ గాలుల్లో ఒకటి. ఉబ్బసంతో రాత్రంతా ఎగపోసే పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చునేది ఎవరు? ఆ ప్రాంతంలోని ఒక ప్రజా ఉద్యమ సంస్థ, మరో పర్యావరణ సంస్థ కలిసి కేసు వేస్తే, 2022 మార్చిలో ప్రిటోరియా హైకోర్టు ఆ గాలి ప్రజల రాజ్యాంగ హక్కుకు భంగమని తీర్పు చెప్పింది. పొగ పోవాలి, పొట్టా నిండాలి. ఈ రెండూ కలిపి అడిగినవాళ్ళ గొంతు చర్చలో ఏ పక్షంలోనూ ఇమడలేదు. 2025 మార్చిలో అమెరికా ఆ భాగస్వామ్యం నుంచి తప్పుకుంది. మళ్ళీ వార్తంతా దాని గురించే.

ఇది చదువుతుంటే నాకు మన సంగతే గుర్తొచ్చింది. 1999 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడదీశారు. అదే నెలలో ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. అప్పుడూ మన పత్రికలు రాసింది 'ప్రపంచ బ్యాంకు సాయం' అనే. 2000లో కరెంటు చార్జీలు పెంచినప్పుడు నేను హైదరాబాదులో ఎం.ఎ. చదువుతున్నాను. ఆ ఉద్యమంలో మహిళా సంఘాలు ఊరేగింపుల్లో ఎంత ముందున్నాయో ఈ గదిలోని పెద్దవాళ్ళకు నాకంటే బాగా తెలుసు. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లో సంస్కరణలు కావాలా వద్దా అని సంపాదకీయాల మీద సంపాదకీయాలు వచ్చాయి. బిల్లు కట్టలేక మీటరు పీకేసిన ఇంట్లో చీకట్లో వంట చేసిన మనిషిని అడిగి రాసినవి నాకు పెద్దగా గుర్తులేవు.

సరే, ఇప్పటి మన ఇంటి సంగతి. బయటి డబ్బు గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం గదా, మన దగ్గరే ఒక డబ్బు ఉండేది. 2010లో కేంద్ర ప్రభుత్వం బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు వేసింది. స్వచ్ఛ ఇంధనం కోసమని చెప్పి వేసింది. 2016కల్లా దాన్ని 400 చేసింది. 2017 వరకు వసూలైంది 86 వేల కోట్ల రూపాయలకు పైగా. అందులో స్వచ్ఛ ఇంధన నిధికి జమచేసింది దాదాపు 30 వేల కోట్లు, ఆ నిధి నుంచి ఆ పనికి ఖర్చయింది 16 వేల కోట్లు. 2017లో జి.ఎస్.టి. వచ్చాక ఆ సెస్సును రాష్ట్రాల నష్టపరిహారానికి మళ్ళించారు. 2025 సెప్టెంబరులో సెస్సు తీసేసి, బొగ్గు మీద జి.ఎస్.టి.ని 5 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. అది మామూలు పన్ను, ఎటైనా పోతుంది. బొగ్గు ప్రాంతాల ప్రజల కోసం ఆ డబ్బులోంచి విడిగా ఒక నిధి పెట్టి ఉంటే? బాకూ గురించి నా దగ్గర కటింగుల కట్ట ఉంది. ఈ సెస్సు గురించి తెలుగులో దొరికినవి మూడో నాలుగో.

బొగ్గు ప్రాంతం అంటే మనకు సింగరేణి. మన దేశం 2024-25లో వంద కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వింది కాబట్టి గనులు రేపే మూతపడవు అని మగ నాయకులు మనల్ని ఊరడిస్తారు. సింగరేణి స్త్రీలకు ఈ ఊరడింపు పనిచెయ్యదు. వాళ్ళు మూసివేతలు చూశారు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న పర్మినెంటు కార్మికులు ఇప్పుడు నలభై వేల చిల్లర. వాతావరణం పేరు మీద కాదు, ఓపెన్‌కాస్టులు, యంత్రాల పేరు మీద. బెల్లంపల్లి భూగర్భ గనులు ఒక్కొక్కటే ఆగిపోయినప్పుడు పర్మినెంటు కార్మికుణ్ణి వేరే ఏరియాకు బదిలీ చేశారు. అతని మీద ఆధారపడిన టీకొట్టు, ఇస్త్రీబండి, కూరగాయల గంప బదిలీ కావు గదా. కొమాటికీ బెల్లంపల్లికీ మధ్య సముద్రం ఉంది, ఈ లెక్క వేసే పద్ధతిలో మాత్రం తేడా ఏమీ లేదు.

ఇక రెండో వైపు, కొత్తగా వస్తున్నది. కర్ణాటకలోని పావగడ తెలుగు మాట్లాడే తాలూకా, మన అనంతపురానికి ఆనుకుని ఉంటుంది. అక్కడ దాదాపు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేలతో మొదలు, కొంతకాలానికోసారి పెంపు. భూమి పోలేదు గనుక మంచి పద్ధతే అని చాలామంది మెచ్చుకున్నారు. మరీ కొట్టిపారెయ్యలేం, వానలేని నేల మీద అది నికరమైన రాబడి. కానీ కౌలు పట్టాదారుకు వస్తుంది. పట్టా ఎవరి పేరున ఉంటుందో మనం ఎన్ని సభల్లో చెప్పుకోలేదు! వేరుశనగ కలుపుకు, కోతకు పోయే కూలి మనిషికి, బీట్లో మేకలు తోలుకునే మనిషికి కౌలు రాదు. భూమిలేని వాళ్ళ నష్టానికి ఆ పద్ధతిలో గడే లేదు.

ఇలాంటి పథకాల కాగితాల్లో స్త్రీల గురించి ఏమీ ఉండదనుకోకండి. ఉంటుంది. గ్రీన్ క్లైమేట్ ఫండ్‌కు పెట్టే ప్రతి ప్రతిపాదనకూ జెండర్ ప్రణాళిక జతచెయ్యాలి. మన ఉద్యమాలు పోరాడి సాధించిన నిబంధనే అది. చివర్లో అనుబంధంగా ఉంటుంది, అంత మంది స్త్రీలకు శిక్షణ అని ఉంటుంది. ఇన్నేళ్ళు శిక్షణలు ఇచ్చినవాళ్ళం, శిక్షణ తర్వాత ఏమవుతుందో మనకు తెలుసు. నేనడిగేది అనుబంధం సంగతి కాదు, మొదటి పేజీ సంగతి. ఇది అప్పా, గ్రాంటా? అప్పయితే తీర్చేది ఎవరు, చార్జీల రూపంలో మనమేనా? నష్టపోయేవారి జాబితాలో పట్టా లేనివాళ్ళు, కాంట్రాక్టు లేనివాళ్ళు ఉన్నారా? 2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలేమ్ సదస్సులో న్యాయమైన పరివర్తన కోసం ఒక యంత్రాంగం పెట్టటానికి ఒప్పుకున్నారు. మంచిదే. ఈ ప్రశ్నలు దాని ముందుకు వెళ్ళాలంటే ముందు ఊళ్ళ నుంచి రాసి పంపేవాళ్ళు కావాలి.

2023లో నేను రాయలసీమలో ఒక సోలార్ పార్కు పక్క ఊరికి వెళ్ళాను. మేకలు కాసుకునే ఒకామె నన్ను కంచె వెంట నడిపించింది. ఇదివరకు బీడుకు అడ్డంగా పోయే దారి, ఇప్పుడు చుట్టూ తిరిగి పోవాలి. అద్దాల పలకల కింద గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. నేను అప్పు గురించీ డాలర్ల గురించీ ఏదో చెప్పబోయాను. ఆమె విని, "లోపల గడ్డి కోసేకి మమ్మల్ని పిలుస్తారంట కదమ్మా. ఆ కోసిన గడ్డి మా మేకలకి తెచ్చుకోనిస్తారేమో అడిగి చెప్పు" అంది.

గేటు దగ్గర అడిగితే లెటరు పెట్టమన్నారు. సంఘం పేరున రాసి పెట్టాం, ఆమె వేలిముద్ర వేసింది. తర్వాత రెండుసార్లు గుర్తుచేశాం. ఇంతవరకు జవాబు రాలేదు. ఆ ఉత్తరం జిరాక్సు కాపీలు తెచ్చాను, నిర్వాహకుల బల్ల మీద ఉన్నాయి. మధ్యాహ్నం గ్రూపు చర్చల్లో మొదటి అంశంగా దాన్నే తీసుకుందామని నా ప్రతిపాదన.